ఒకే ఆటకు మూడో పెట్టె

బస్సు రాప్తాడు దాటింది. నేను కిటికీ పక్కన కూర్చుని, మా కాలేజీ పత్రికకు ఇవ్వాల్సిన సెమినార్ వ్యాసంలో తప్పులు దిద్దుకుంటున్నాను. అప్పుడు అమ్మ ఫోన్ చేసింది.

"పాపా, పక్కింటి తాత పోయినాడు. పొద్దున కాఫీ తాగి మళ్ళీ పండుకున్నోడు లేయలేదు. నువ్వు ఆడే దిగి మళ్ళుకొని రా," అంది. నేను ఏమైనా అడిగేలోపే పెట్టేసింది.

ఫోన్ వచ్చినప్పుడు నా పెన్ను ఆయన గురించి రాసిన రెండు వాక్యాల దగ్గరే ఉంది. ఆ రెండు వాక్యాలు చదివినప్పుడు మా క్లాసంతా నవ్వింది. వాటిని ఉంచాలా, కొట్టేయాలా అని నాలుగు రోజులుగా తేల్చుకోలేకపోతున్నాను. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి ఆయన్నే అడుగుదామనుకున్నాను. అడగడానికి ఆయన లేడు. అందుకే ఈ పేజీల్లో రావాల్సిన నా వ్యాసం బదులు ఇది రాస్తున్నాను. చదివేవాళ్ళు ఓపిక పట్టాలి. నాకే సరిగ్గా అర్థం కాని విషయాన్ని నేను చెప్పబోతున్నాను.

ధర్మవరంలో మా ఇంటికీ తాత ఇంటికీ మధ్య ఒక్కటే గోడ. మా నాయన మగ్గం గుంతలో కూర్చుని నేత బిగించే పలక వేస్తే ఆ చప్పుడుకు వాళ్ళ ఇంట్లో గూటిలోని గిన్నెలు కదులుతాయి. ఆయన మాకు చుట్టం కాదు. నాయన ఆయన్ను 'మామా' అంటాడు కాబట్టి నాకు తాత అయ్యాడు. పెద్దబజారులో ఒక పట్టుచీరల అంగడిలో చీరలు మడిచే పని ఆయనది. అమ్మడం వేరేవాళ్ళు చూసుకునేవారు. నేసినవాళ్ళ దగ్గర్నుంచి వచ్చిన చీరను చూసి, ఏది పైకి కనపడాలో, ఏది లోపలికి పోవాలో ఆయన తేల్చేవాడు.

ఇదీ ఒక పనేనా అని చిన్నప్పుడు అనుకునేదాన్ని. ఒకసారి సెలవుల్లో అంగడికి తీసుకుపోయి చూపించాడు. ఒకే నేత, ఒకే రంగు చీరలు మూడు తీశాడు. మొదటిది మడిస్తే వెడల్పాటి జరీ అంచు పైకొచ్చింది. రెండోది మడిస్తే అంచు కిందికి పోయి ఒంటి మీది చిన్న బుటాలు కనిపించాయి. మూడోదానికి కొంగు ఒక జానెడు బయటికి వేలాడింది. మూడూ వరసగా పెడితే మూడు వేరువేరు చీరలనే అనుకున్నాను.

"ఇది మద్రాసుకు. ఇది బెంగుళూరుకు. ఇది హైదరాబాదుకు," అన్నాడు.

"ఏది మంచిది తాతా?"

"మీ నాయన నేసింది మంచిది. నాదేముండాది, మడతే కదా!"

పనిలో కూర్చుంటే ఆయన చేతికి ఉంగరం ఉండేది కాదు. గోళ్ళు రెండు రోజులకొకసారి తీసుకునేవాడు. శెనక్కాయలంటే ప్రాణం, అయినా పొద్దుగూకేదాకా ఒక్కటి కూడా నోట్లో వేసుకునేవాడు కాదు, వేళ్ళకు నూనె అంటుతుందని. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాక అవ్వ ఒక చేటలో వేయించిన శెనక్కాయలు పెడితే, అరుగు మీద కూర్చుని పగలంతా ఆపుకున్న ఆకలినంతా తీర్చుకునేవాడు. నేను కాలేజీ నుంచి వచ్చేది ఆ వేళకే. చేటను నా వైపు జరిపి, "ఇయ్యాల ఏం మాట దొరికింది?" అని అడిగేవాడు.

మాటలు పోగుచేయడం నాకు ఇంటర్‌లో పట్టుకున్న పిచ్చి. ఒక నోటుపుస్తకం ఉంది. కొత్త మాట కనిపిస్తే రాసుకుంటాను. పుస్తకాల్లో మాటలు రాసుకుంటున్నానని తెలిసి ఆయన తన మాటలు కూడా ఇవ్వడం మొదలుపెట్టాడు. 'మోడం' ఆయనిచ్చిందే. ఆకాశమంతా నల్లటి మబ్బు కమ్ముకుని వాన ఇప్పుడో ఇంకాసేపటికో అన్నట్టు ఉంటే దాన్ని మా వైపు మోడం పట్టింది అంటారు. నేను అది పుట్టినప్పటి నుంచీ వింటున్నాను. కానీ అది రాసుకోదగిన మాటని ఆయన చెప్పేదాకా తోచలేదు.

ఇక సెమినార్ సంగతి. మార్కెటింగ్ మేడం చీటీలు మడిచి ఒక డబ్బాలో వేసి తలా ఒకటి తీయమన్నారు. నాకు వచ్చిన చీటీలో 'విదేశాల్లో వీడియో గేములను అమ్మే తీరు, సంస్కృతుల తేడాలు' అని ఉంది. నేను ఫోన్‌లో రంగురంగుల మిఠాయిలు జరిపే ఆట తప్ప ఏదీ ఆడలేదు. "మేడం, చీటీ మార్చుకోవచ్చా?" అని అడిగాను. "నీకు తెలియనిదైతే బాగా చదువుతావు," అన్నారు.

బాగానే చదివాను. చదివేకొద్దీ తల తిరిగింది. ఒక దేశంలో ఆటలో రక్తం ఎర్రగా ఉంటే ఒప్పుకోరని రంగు మార్చి అమ్మారట. ఇంకో దేశంలో ఎముకల గూళ్ళు కనపడకూడదని వాటికి కండ పెట్టారట. ఒక చోట ప్రకటనలో తాతలు, మనవళ్ళు ఒకే సోఫాలో కూర్చుని ఆడుతుంటారు. అదే ఆటకు ఇంకో చోట చీకటి గదిలో ఒంటరిగా ఒక యువకుడు. మరి ఆట ఒకటే అయినప్పుడు ఎవరికి చూపించింది నిజం? ఒక్క వ్యాసంలోనూ దీనికి జవాబు లేదు.

చివరికి పాత గేముల పెట్టెలు పోగుచేసే ఒకాయన వెబ్‌సైటులో నాకు కావలసింది దొరికింది. ఒక ఆటకు రెండు పెట్టెల బొమ్మలు. కథ చిన్నది. ఒక పిల్లవాడు తన ఊరికి వాన తేవడానికి కుండ పట్టుకుని బయలుదేరతాడు, అంతే. జపాన్‌లో అమ్మిన పెట్టె మీద ఆ పిల్లవాడు బొమ్మలో కింది సగంలో, ఒక గట్టు మీద కుండ ఒళ్ళో పెట్టుకుని నవ్వుతూ కూర్చున్నాడు. పైసగమంతా తేటగా, ఖాళీగా లేతనీలి ఆకాశం. అమెరికాలో అమ్మిన పెట్టె మీద కింది సగమంతా వాడి ముఖమే. కనుబొమలు ముడిచి, పళ్ళు బిగించి, కుండను రాయిలా విసరబోతున్నాడు. పైసగంలో కారునల్లటి మబ్బులు. ఆట అదే, పిల్లవాడు అదే, కుండ అదే.

అనంతపురంలో బస్టాండు దగ్గర రెండూ పెద్ద కాగితాల మీద రంగుల్లో ప్రింటు తీయించుకుని, ఆ సాయంత్రమే తాత ముందు పెట్టాను. ఆయన చేతులు తుడుచుకుని గానీ ముట్టుకోలేదు. చాలాసేపు చూశాడు.

"ఈ ఊర్లల్లో వానలు యెట్ల?" అన్నాడు.

"తాతా, ఇది గేము. సేద్యం కాదు."

"అదే పాపా. గేము ఎవురికి అమ్మినారో వాళ్ళకు వానలు యెట్ల పడతాయంట?"

ఆయనకు విషయం అర్థం కాలేదనుకున్నాను. అంగడిలో కూడా ఆయనకు ఇదే అలవాటు. చీర చూడడానికి ఎవరైనా పొరుగూరి వాళ్ళు వస్తే, అమ్మేవాళ్ళు చీర విప్పే ముందే మూల నుంచి ఈయన గొంతు వినిపించేది: "అమ్మా, మీ ఊర్లో వానలు యెట్ల?" కొనేవాళ్ళు నవ్వుకునేవారు. అంగడి యజమాని కూడా నవ్వేవాడు. నేను దాన్ని ముసలివాళ్ళ పలకరింపు అనుకునేదాన్ని.

నేను ఓపికగా చెప్పాను. నల్ల మబ్బులుంటే కొనేవాడికి ఇందులో ప్రమాదం ఉంది, పోరాటం ఉంది అని తెలుస్తుంది. ఖాళీ ఆకాశం ఉంటే ప్రశాంతంగా ఉంటుంది. ఒకరికి కోపం నచ్చుతుంది, ఇంకొకరికి ముద్దుగా ఉండేది నచ్చుతుంది. వ్యాసాల్లో చదివిందంతా తెలుగులో పెట్టి చెప్పాను.

"మోడం చూస్తే భయమా? ఎవురికి?" అన్నాడు తాత.

"అందరికీ."

"అందరికీనా! అయితే ఇట్ల రా."

రెండు కాగితాలూ అరుగు మీద పక్కపక్కనే పరిచి, గాలికి ఎగరకుండా చెరో చెప్పు పెట్టాడు. దారినపోయేవాళ్ళను పిలవడం మొదలుపెట్టాడు. శెనక్కాయలు అమ్ముకునే ఆమె గంప దించుకుని వంగి చూసింది.

"ఏమ్మే, ఈ రెండిట్లో ఇంట్లో గోడకు ఏది పెట్టుకుంటావు?"

ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నల్లమబ్బుల బొమ్మ మీద వేలు పెట్టింది. "ఇదే. ఎంత బాగ మోడం పట్టుండాది! ఆ పిల్లోని మూతి మాత్రం అట్ల పెట్టినాడేల?"

"వాన్ని వదిలెయ్. ఈ రెండోది?"

"అయ్యో, ఇది మన ఆకాశమే కదన్నా. దినామూ చూసేదే. దీనికి గోడ యాల పాడుచేసుకోవల్ల?"

తరువాత గొర్రెలు తోలుకుని పోతున్న ఒకాయన ఆగాడు. గొర్రెలు ముందుకు పోతున్నా ఆయన బొమ్మలే చూస్తున్నాడు. "ఈ తెల్లాకాశం కింద కుండ పట్టుకోని నగుతాండాడే, వీనికేమన్నా మతి చెడిందా?" అన్నాడు. "నీళ్ళు లేవు, మోడం లేదు, యాడికి నగు వస్తాది వీనికి?"

"జపానోళ్ళకు అది ప్రశాంతమంట," అన్నాడు తాత నా వైపు చూస్తూ.

"వాళ్ళకు కుళాయిలో నీళ్ళొస్తాయేమో," అని ఆయన గొర్రెల వెనక పరుగెత్తాడు.

ఆటో ఆపుకుని వచ్చిన ఇంకొకాయన కూడా నల్లమబ్బుల బొమ్మే తీసుకున్నాడు. పైగా ఆ కోపంగా ఉన్న పిల్లవాడి గురించి, "వాడు వానమీద అలిగినాడన్నా. ఇన్నాళ్ళూ రాకుండా ఇప్పుడు వస్తావా అని కుండ ఎత్తినాడు," అని చెప్పి, కొత్త కథ కట్టి మరీ పోయాడు. అడిగినవాళ్ళలో ఒక్కరు కూడా నల్లమబ్బులను భయం అనలేదు.

"చూస్తివా?" అన్నాడు తాత. "ఈ బొమ్మ చూస్తే మనమైతే శెనక్కాయ విత్తనాలు బయటికి తీస్తాం."

నాకు చిరాకు వేసింది. నా దగ్గర పద్నాలుగు పేజీల నోట్సు ఉంది. అందులో నల్లమబ్బు అంటే ప్రమాదమని రాసుకున్నాను. ఇప్పుడు అరుగు మీద ముగ్గురు చెప్పింది ఎక్కడ పెట్టాలి? పెడితే నా వ్యాసమంతా తలకిందులవుతుంది. పెట్టకపోతే విన్నది దాచినట్టు అవుతుంది. సెమినార్‌కు ఇంకా రెండు రోజులే ఉంది. నేను మూడో దారి పట్టాను. ఆ దారి గురించే ఈ రాత.

సెమినార్ రోజు మొదట్లో నా గొంతు వణికింది. వెనక బెంచీలవాళ్ళు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. వాళ్ళను ఎలాగైనా ఇటు తిప్పాలనిపించింది. కాగితంలో చివర రాసుకున్న రెండు వాక్యాలను ముందుకు తెచ్చి చదివాను.

'మా పక్కింటి తాతకు ఈ యుద్ధపు బొమ్మ చూపిస్తే శెనక్కాయ విత్తనాలు తీయమన్నాడు. ఏ బొమ్మ ఎందుకు వేస్తారో తెలియనివాళ్ళకు చూపిస్తే ఇలాగే ఉంటుంది.'

అందరూ నవ్వారు. మేడం కూడా నవ్వారు. అక్కడి నుంచి నా గొంతు వణకలేదు. అయిపోయాక చప్పట్లు కొట్టారు. మేడం నా కాగితం మీద, ఆ రెండు వాక్యాల పక్కనే, టిక్కు పెట్టి 'చాలా బాగుంది, పత్రికకు ఇవ్వు' అని రాశారు.

నా స్నేహితురాలు అదంతా ఫోన్‌లో వీడియో తీసి మా అమ్మకు పంపింది. అమ్మకు కూతురు అంతమంది ముందు మాట్లాడడమే పెద్ద విషయం. ఏం మాట్లాడానన్నది ఆమె పూర్తిగా వినలేదని నా నమ్మకం. నేను బస్సు దిగి ఇంటికొచ్చేసరికి ఆమె తాత పక్కన అరుగు మీద కూర్చుని, ఫోన్ ఆయన ముఖానికి దగ్గరగా పెట్టి చూపిస్తోంది. గేటు దగ్గరికే మా క్లాసు నవ్వు వినిపించింది. ఆ నవ్వు చప్పుడు ఫోన్‌లోంచి వస్తే చాలా సన్నగా, అసహ్యంగా ఉంది.

అమ్మ, "చూస్తివా మామా, ఎంత మంది చప్పట్లు కొట్టిరో!" అంది.

"చూస్తినమ్మా," అన్నాడు. తరువాత నన్ను చూసి, "గొంతు బాగుండాది పాపా. కడాకు వినపడతాది," అన్నాడు.

అమ్మ పాలు పొంగుతాయని లోపలికి వెళ్ళింది.

"ఒకటి అడగనా?" అన్నాడు.

"అడుగు తాతా."

"ఆడ నగినారే, వాళ్ళల్లో సేద్యగాళ్ళ బిడ్డలు ఎంతమంది?"

నేను మనసులో లెక్కపెట్టాను. ముప్పాతిక వంతు వాళ్ళే. బుక్కరాయసముద్రం నుంచి వచ్చే నా స్నేహితురాలి వాళ్ళు ఆ ఏడు విత్తిన శెనక్కాయ మొలవక మళ్ళీ దున్నేశారు. ఆమె కూడా నవ్వింది. నేను చెప్పిన తీరుకు నవ్వారో, ఆయన మాటకు నవ్వారో, ఇంట్లో తమ నాయన కూడా అచ్చం అదే మాట అంటాడని గుర్తొచ్చి నవ్వారో నాకు ఇప్పటికీ తెలియదు.

"చాలామందే," అన్నాను.

"ఊఁ," అన్నాడు. కోపం లేదు. బాధ ఉన్నట్టు కూడా కనపడలేదు. చేట నా వైపు జరిపాడు. నేను ఒక శెనక్కాయ తీసుకుని ఒలవకుండా చేతిలోనే పట్టుకున్నాను. కాసేపటికి, "ఆ రెండు బొమ్మలు నాకిస్తావా? రెండు దినాలుండనీ," అన్నాడు. తెచ్చి ఇచ్చాను. తప్పయింది తాతా అనాలనుకున్నాను. ఎందుకు తప్పో నాకే పూర్తిగా తెలియకుండా ఎలా చెప్పడమని ఆగాను. మాటలు పోగుచేసే పిల్లకు ఆ పూట ఒక్క మాట దొరకలేదు.

ఆ మరుసటి రోజు నుంచి ఆయన నన్ను, "ఇయ్యాల ఏం మాట దొరికింది?" అని అడగలేదు. చేట మాత్రం జరిపేవాడు. మూడో రోజు ఒళ్ళు వెచ్చగా ఉందని పనికి పోలేదు. అవ్వ మిరియాల కషాయం కాచి ఇచ్చింది. నాయన డాక్టరు దగ్గరికి పోదాం రమ్మంటే, "వయసు జొరమప్పా, అదే పోతాది," అన్నాడట. నా మీద అలిగి అడగడం మానేశాడా? జ్వరం అప్పటికే లోపల మొదలై ఓపిక లేక మానేశాడా? ఆ రెండింట్లో ఏది నిజమో తెలుసుకోవాలని నాలుగో రోజు పొద్దున అనుకున్నాను. ఆ పొద్దునే బస్సులో అమ్మ ఫోన్ వచ్చింది.

పదకొండో రోజు అయ్యాక అవ్వ దగ్గర కూర్చున్నాను. ఇల్లంతా చుట్టాలు వెళ్ళిపోయి ఖాళీగా ఉంది. ఏం మాట్లాడాలో తెలియక, "అవ్వా, తాత అంగడికొచ్చినోళ్ళను వానల గురించి ఎందుకు అడుగుతాండె?" అన్నాను.

అవ్వ నన్ను వింతగా చూసింది. "నీకు చెప్పలేదా? నీకన్నీ చెప్తాండె కదే!"

ఆమె చెప్పింది ఇది. పెళ్ళైన కొత్తలో తాతను అంగడివాళ్ళు మొదటిసారి నమ్మి, సముద్రం పక్కనున్న ఒక ఊరికి పంపాల్సిన చీరలన్నీ ఆయన చేతికే వదిలేశారు. అంచులో మెరుపుతీగల్లా జరీ, ఒళ్ళంతా వానమబ్బు రంగు. ఆ ఏడాది మగ్గాల మీద దిగినవాటిలో అంత మంచి చీరలు లేవట. తాత అన్నిటికీ అంచు లోపలికి పోనిచ్చి, మబ్బురంగు పైకి వచ్చేలా మడిచాడు. "మోడం పట్టినట్టుండాది, చూసినోళ్ళు కండ్లకద్దుకుంటారు," అని అవ్వకు చెప్పి మురిసిపోయాడట. వారం తిరక్కుండానే మొత్తం వెనక్కొచ్చాయి. 'తుఫాను రంగు చీర పెండ్లికి ఎవరు కొంటారు?' అని ఆ ఊరి అంగడాయన చీటీ పెట్టాడట.

"ఆయప్పకు అర్థమే కాలేదమ్మా," అంది అవ్వ. "వాన వద్దనే మనుషులు కూడా ఉంటారా అని రెండు దినాలు అన్నం సరిగా తినలేదు. మూడో దినం బస్సెక్కి ఆ ఊరికి పోయినాడు."

"చీరలు అమ్మేదానికా?"

"చూసేదానికి! ఆడ ఇండ్ల గోడలమీద నిలువెత్తున నీళ్ళ గీత ఉండెనంట. ఎవురి ఇంటికి పోయినా అదే గీత. ఒక ముసిలామె ఆ గీత చూపించి, 'ఇంతదాకా వచ్చిందయ్యా వాన' అనెనంట. వచ్చినాక చీరలన్నీ విప్పి, మోడం లోపలికి పోయేట్ల, మెరుపు పైకొచ్చేట్ల మళ్ళీ మడిచినాడు. అన్నీ పోయినాయి. ఆ పొద్దునుంచీ ముందు వానల సంగతి అడక్కుండా ఎవురికీ చీర విప్పనీడు."

నా చీటీలో రాసివచ్చిన అంశం మొత్తం ఆయనకు నేను పుట్టకముందే తెలుసు. బొమ్మలు చూపించిన రోజు ఆయన అడిగిన మొదటి ప్రశ్న, నేను పద్నాలుగు పేజీల్లో ఎక్కడా అడగని ప్రశ్న. 'అందరికీ' అని నేనన్నప్పుడు ఆయన కాగితాలు అరుగు మీద పరిచాడు. ఆ ఊరికి బస్సెక్కినట్టే, నన్ను కూడా చూసిరమ్మన్నాడు. నేను చూసి కూడా నవ్వులకు వాడుకున్నాను. నా రెండో వాక్యంలో తెలియనివాళ్ళు అని రాసింది ఎవరినో ఇప్పుడు చూసుకుంటే సిగ్గేస్తుంది.

కానీ నాకు అర్థం కానిది ఇంకొకటుంది. ఆ తుఫాను ఊరి కథ నాకు ఎందుకు చెప్పలేదు? వీడియో చూసిన సాయంత్రం ఆ ఒక్క మాట చెబితే నేను అక్కడే తలదించుకునేదాన్ని. తలదించుకోకూడదనే చెప్పలేదా? తనకు బస్సెక్కి పోతే గానీ తెలియనిది, చెబితే నాకు తెలుస్తుందా అనుకున్నాడా? లేక అది తను చేసిన తప్పు కాబట్టి చిన్నపిల్లతో చెప్పుకోవడానికి మొహమాటపడ్డాడా? అవ్వను అడిగితే, "ఏమోనమ్మా. ఆయప్ప కొన్ని చెప్తాడు, కొన్ని గమ్మునుంటాడు," అంది. చెప్తాడు అనే అంది. చెప్పేవాడు అనలేదు.

వ్యాసంలోంచి ఆ రెండు వాక్యాలు తీసేస్తానని మేడంకు చెప్పాను. "అవే బాగున్నాయి కదమ్మా," అన్నారు. తరువాత వ్యాసం బదులు ఇంతవరకు రాసింది ఇచ్చాను. చదివి, "ఇందులో మార్కెటింగ్ తక్కువుంది," అన్నారు. తరువాత కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "మాది కూడా శెనక్కాయ చేనే," అని ఫైలులో పెట్టుకున్నారు. అది ఒప్పుకోవడమో కాదో నేను అడగలేదు.

అవ్వ ఆ తుఫాను ఊరి కథ చెప్పిన రోజు, నేను లేచి వచ్చేస్తుంటే ఆమె లోపలికి వెళ్ళి, చీరల మధ్య పెట్టే పలుచటి తెల్లకాగితంలో చుట్టింది ఒకటి తెచ్చింది. "ఇవి నీ బొమ్మలేనంట. నీకియ్యమన్నాడు. ఆ కడపటి దినం సాయంత్రం మంచం మీద కూర్చోని మడిచినాడు."

"మడిచినాడా? ఎందుకవ్వా?"

"ఆయప్ప చేతికి కాగితం దొరికితే మడవకుండా ఉంటాడా? పెండ్లిపత్రికలు కూడా మడిచి పెట్టే మనిషి!"

ఇంటికొచ్చి పైన చుట్టిన తెల్లకాగితం విప్పి, మడిచిన బొమ్మలను మడిచినట్టే నేలమీద పెట్టాను. జపాన్ పెట్టె బొమ్మలో ఖాళీ ఆకాశమంతా వెనక్కి పోయింది. కుండ ఒళ్ళో పెట్టుకుని నవ్వుతున్న పిల్లవాడు ఒక్కడే కనిపిస్తున్నాడు. అమెరికా పెట్టె బొమ్మలో కోపపు ముఖమంతా వెనక్కి పోయింది. మబ్బులు మాత్రమే పైకొచ్చాయి. రెండూ సరిగ్గా ఒకే కొలతకు, అంచుకు అంచు కలిసేలా ఉన్నాయి. మబ్బుల ముక్కను పైన, పిల్లవాణ్ణి కింద పెట్టి జరిపాను. మోడం పట్టిన ఆకాశం కింద, గట్టు మీద, ఒళ్ళో కుండతో వాడు నవ్వుతున్నాడు. ఇప్పుడు ఆ నవ్వు చూస్తే ఎవరూ మతి చెడిందనరు.

మా ఊరికని మడిచాడా, చేతులు ఊరుకోక మడిచాడా, నాకు తెలియదు. మబ్బుల కాగితాన్ని ఒకసారి ఏటవాలుగా కూడా మడిచి మనసు మార్చుకుని విప్పినట్టున్నాడు. ఆ మడత పడిన చోట నల్లరంగు రాలిపోయి, కింది తెల్లకాగితం ఒక సన్నటి గీతలా బయటపడింది. ఆ మబ్బుల్లో ఒక మూల నుంచి ఇంకో మూలకు, పిల్లవాడి నెత్తిమీదుగా, మెరిసినట్టుంది.